ఆయన పంక్చర్లు వేసేవాడు కాదు

మొన్న పొద్దున ఏడున్నరకు యాదయ్య ఫోన్ చేశాడు. "సార్, మేస్త్రి పోయిండు," అన్నాడు. ఫోన్‌లో లారీల హారన్లు వినిపించాయి. ఎక్కడున్నావని అడిగితే సంగారెడ్డి సర్కారు దవాఖానా బయట నిలబడ్డానన్నాడు. మేస్త్రికి నెల రోజులుగా ఊపిరి ఆడడం లేదని నాకు తెలుసు. వచ్చే ఆదివారం వెళ్ళి చూడాలనుకున్నాను. అంతకుముందు ఆదివారం కూడా అలాగే అనుకున్నాను.

మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. నాలుగు లైన్లు. ఇస్నాపూర్‌లో పంక్చర్ షాపు నడుపుకునే వృద్ధుడు అనారోగ్యంతో మరణించాడని.

పంక్చర్ షాపట! నేను ఆ పత్రిక ఆఫీసుకు ఫోన్ చేసి అరిచాను. అవతలి కుర్రాడు ఓపికగానే విన్నాడు. "టైర్ల షాపే కదండీ, తేడా ఏముంది?" అన్నాడు. ఆ తేడా చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన పంక్చర్లు వేసేవాడు కాదు. పరిగెత్తే బండి ఎందుకు వణుకుతోందో, దాని టైరు ఒక పక్కే ఎందుకు అరిగిపోతోందో కనిపెట్టేవాడు. కనిపెట్టిన మాటను ఎంత పెద్దవాడి ముందైనా చెప్పేవాడు. రెండోది మొదటిదానికంటే చాలా కష్టం. నాకు తెలుసు, ఎందుకంటే అది నాకు చేతకాలేదు.

ఇస్నాపూర్‌లో హైవే పక్కన రేకుల షెడ్డు ఆయనది. ఒక ఇనుప జాకీ, కొన్ని పానాలు, సుద్దముక్కలు, గోడ కట్టేవాళ్ళు వాడే దారం, దాని చివర ఇనుప గుండు. ఇంతే సామాను. బండి తెచ్చినవాణ్ణి మొదట అడిగే మాట ఒకటే. "ఎంత స్పీడ్ల వణుకుతది?" తెలియదంటే బండిని ముట్టుకునేవాడు కాదు. "పోయి నడిపి, సూసి రాండ్రి," అని పంపేసేవాడు. స్టీరింగ్ వణుకుతోందా, సీటు వణుకుతోందా, బ్రేకు తొక్కితే ఎక్కువవుతోందా, ఇవన్నీ డాక్టరు రోగిని అడిగినట్టు అడిగేవాడు. చాయ్ ఎప్పుడూ ఎడమ చేత్తోనే తాగేవాడు. వేడి గ్లాసు పట్టుకుంటే కుడి అరచేతికి కాసేపు టైరు సరిగా తెలియదట. వేలికి ఉంగరం ఉండేది కాదు. పెళ్ళిలో పెట్టిన ఉంగరాన్ని మూడో రోజే తీసేశాడని ఆయన భార్య మొన్నమొన్నటిదాకా దెప్పుతూ ఉండేది.

నేను ఆయన్ని కలిసింది ఎనభైల చివర్లో. అప్పుడు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జిని. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి కాలనీలో స్థిరపడినవాడు. నేను ఇక్కడే పెరిగినా మా ఇంట్లో, "మనకెందుకు, మన పని మనం చేసుకుందాం," అనే మాట అన్నంతో పాటు తిని పెరిగాను.

ఫ్యాక్టరీకి ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. దాన్ని నడిపేవాడు యాదయ్య. గుమ్మడిదల మనిషి, ఇస్నాపూర్‌లో కిరాయికి ఉండేవాడు. ఆ సంవత్సరం వానలు మొదలయ్యాక ఆ కారుకు వణుకు పట్టుకుంది. యాదయ్య బండి పుస్తకంలో మూడుసార్లు రాశాడు, స్టీరింగ్ వణుకుతోంది, ఎడమకు లాగుతోంది అని. నగరంలో పెద్ద వర్క్‌షాపుకు పంపాను. వాళ్ళు రెండుసార్లు చక్రాలు బ్యాలెన్స్ చేసి, ముందు టైర్లు కొత్తవి వేసి, అంతా సరిగ్గా ఉందని కాగితం ఇచ్చారు. నెల తిరక్కుండానే కొత్త ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అయిపోయింది.

"సార్, ఇస్నాపూర్ల ఒక అన్న ఉన్నడు. ఒక్కసారి సూపిద్దం," అన్నాడు యాదయ్య. సరేనని నేను కూడా వెళ్ళాను.

మేస్త్రి ముందు సీట్లో కూర్చుని బండిని రుద్రారం వైపు నడపమన్నాడు. స్పీడు అరవైకి రాగానే స్టీరింగ్ మీద రెండు వేళ్ళు ఆనించాడు. బ్రేకు తొక్కమన్నాడు. "బ్రేకు తొక్కినా పెరుగుతలేదు. డ్రమ్ముల దోషం గాదు," అన్నాడు. షెడ్డుకు తిరిగొచ్చాక ముందు చక్రాలు రెండూ విప్పి వెనక్కి వేశాడు, వెనకవి ముందుకు తెచ్చాడు. మళ్ళీ అదే రోడ్డు, అదే స్పీడు. స్టీరింగ్ అలాగే వణికింది.

"సూసిండ్రా సార్? చక్రాలు ఎనకకు పోయినయ్. వణుకుడు ముంగటనే ఉన్నది. చక్రాలల్ల ఏం లేదు. బండిల ఉన్నది."

ఆ వర్క్‌షాపు వాళ్ళు రెండు నెలల్లో చెయ్యని పనిని ఆయన గంటన్నరలో చేశాడు. తర్వాత అరిగిన టైరు ముందు కూర్చుని కళ్ళు మూసుకుని దాని లోపలి అంచు మీద అరచేయి నడిపాడు. నా చేయి పట్టుకుని అక్కడ పెట్టాడు. "ఇటు రుద్దుండ్రి, నున్నగుంటది. ఇప్పుడు అటు రుద్దుండ్రి. రంపం లెక్క గుచ్చుతలేదా? చక్రం ముంగటికి పోతలేదు సార్. పక్కకు ఈడ్సుకుంట పోతున్నది." లేచి నిలబడి నన్ను అడిగాడు. "ఈ బండి ఎన్నడన్న దేనికన్న గుద్దిందా?"

గుద్దింది. నాకు తెలుసు. ఎండాకాలంలో ఒక ఆదివారం మా జనరల్ మేనేజర్ బామ్మర్ది కారు కావాలంటే తాళాలు ఇచ్చింది నేనే. అతను సదాశివపేట దారిలో కల్వర్టు గోడకు కొట్టాడు. నాలుగు రోజులు ఎక్కడో నగరంలో డెంటింగ్, పెయింటింగ్ చేయించి గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి నిలబెట్టారు. ఆ రోజుల్లో యాదయ్య సెలవులో ఉన్నాడు. పుస్తకంలో ఆ నాలుగు రోజులకూ "సర్వీసింగ్" అని రాసి సంతకం పెట్టింది కూడా నేనే.

"లేదు," అన్నాను.

మేస్త్రి చేతులు దులుపుకున్నాడు. "అయితే మంచిదే. రేపు తీస్కరాండ్రి, పైకెత్తి కొలుస్త. గప్పటిదాంక హైవే మీద నడపొద్దు. యాదయ్యా, నీకు గూడ చెప్తున్న తమ్మీ, నడపకు."

ఆ మాట నేను జనరల్ మేనేజర్‌కు చెప్పాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తలేదు. "వర్క్‌షాపు కాగితం ఇచ్చింది కదా. రేకుల షెడ్డులో వాడెవడో చేత్తో తడిమి చెబితే కారు ఆపేస్తారా? మీరు చదువుకున్నవాళ్ళేనా?" అన్నాడు. బండి కొలిస్తే ఏం బయటపడుతుందో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను బయటికొచ్చి యాదయ్యతో, "నడుపు," అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర కారు ఒక్కసారిగా ఎడమకు లాగింది. సైకిలు మీద వస్తున్న మా ప్యాకింగ్ కార్మికుణ్ణి కొట్టింది. భుజం ఎముక విరిగింది. అదృష్టం, అంతటితో పోయింది. సాయంత్రానికల్లా యాదయ్యను సస్పెండ్ చేశారు. తాగి నిర్లక్ష్యంగా నడిపాడని ఆరోపణ. యాదయ్య తాగడు. ఆ కాగితం నా బల్ల మీదే టైపయింది. ఇంతకాలం గడిచినా ఆ టైపు మిషను చప్పుడు గుర్తొస్తే నాకు నా మీద ఒళ్ళు మండుతుంది.

విచారణకు నగరం నుంచి ఒక వకీలును పిలిపించారు. యాదయ్య తన తరఫు సాక్షిగా మేస్త్రి పేరు ఇచ్చాడు. ఆ రోజు మేస్త్రి ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, చేతిసంచీతో వచ్చాడు. గేటు దగ్గర గంటసేపు నిలబెట్టారు. ఆ ఫ్యాక్టరీ షెడ్లు లేచిన చోట ఒకప్పుడు వాళ్ళ నాన్న జొన్న వేసేవాడని నాకు తర్వాత తెలిసింది. సొంత చేనులోకి రావడానికి ఆయన గంటసేపు ఎండలో నిలబడ్డాడన్న మాట.

"ఏం చదువుకున్నావు?" అన్నాడు వకీలు. కూర్చోమనలేదు.

"ఏడు."

"మెకానిక్ సర్టిఫికెట్ ఉందా?"

"లేదు సార్."

"మరి ఏ అర్హతతో సాక్ష్యం చెబుతున్నావయ్యా? పెద్ద వర్క్‌షాపు ఇంజనీరు బండి బాగుందని రాసిచ్చాడు. నువ్వు బాగా లేదంటున్నావు. ఎవరి మాట నమ్మాలి?"

గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్విన మొహాలు నాకిప్పటికీ గుర్తున్నాయి. వాళ్ళలో ఒకడికి కూడా కారు చక్రం ఎన్ని బోల్టులతో ఉంటుందో తెలియదు.

మేస్త్రికి కోపం రాలేదు. "మా ఇద్దర్ల ఎవలినీ నమ్మకుండ్రి సార్. బండి బయటనే ఉన్నది గద. దాన్నే అడుగుదం రాండ్రి," అన్నాడు. అంటూనే తలుపు వైపు నడిచాడు. వకీలు అయోమయంగా లేచాడు. అతను లేచాక మిగతావాళ్ళూ లేవక తప్పలేదు.

కారు గోడౌను ముందు సిమెంటు గచ్చు మీద ఉంది. భోజనాల వేళ. కార్మికులు టిఫిన్ డబ్బాలతోనే చుట్టూ చేరారు. మేస్త్రి సంచీలోంచి దారం, గుండు తీశాడు. ఒక్కో చక్రం మధ్య నుంచి గుండు కిందికి వదిలి, అది తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టాడు. నాలుగు చక్రాలకు నాలుగు గుర్తులు. తర్వాత కారును పక్కకు నెట్టించాడు. గచ్చు మీద నాలుగు తెల్ల గుర్తులు మిగిలాయి.

"సార్, మీరే పట్టుకోండ్రి. నేను పడితె మల్ల నేనే గుంజిన్నంటరు," అని దారం ఒక కొస వకీలుకు ఇచ్చాడు. ఇంకో కొస జనరల్ మేనేజర్‌కు ఇచ్చాడు. ఎడమ పక్క ముందు గుర్తు నుంచి వెనక గుర్తు దాకా దారం పట్టించి, అక్కడ ముడి వేశాడు. అదే దారాన్ని కుడి పక్క గుర్తుల మీద పెట్టించాడు. ముడి వెనక గుర్తు దాకా రాలేదు. రెండు వేళ్ళ వెడల్పు ముందే ఆగిపోయింది.

"ఎడమ చక్రం రెండు వేళ్లంత ఎనకకు పోయింది సార్. ఊకె పోదు. దెబ్బ తగిల్తేనే పోతది. ఇనుము ఒంగిన బండికి ఎన్ని కొత్త టైర్లేసినా తినేస్తది. నడిపేటోడు ఎంత గట్టిగ పట్టుకున్నా గుంజుతది."

వకీలు వంగి ఆ ఖాళీని తన వేళ్ళతో తనే కొలుచుకున్నాడు. "ఈ దెబ్బ మొన్న ప్రమాదంలో తగిలి ఉండొచ్చు కదా?" అన్నాడు. ప్రశ్న సరైనదే.

మేస్త్రి జేబులోంచి పాత రేడియో స్పీకరు అయస్కాంతం తీశాడు. కుడి ముందు రేకుకు తగిలించాడు. టక్కున అతుక్కుంది. ఎడమ రేకుకు తగిలించాడు. జారి కింద పడింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి వకీలు చేతికిచ్చి పెట్టమన్నాడు. వకీలు చేతిలోంచి కూడా పడింది.

"రంగు కింద ఇనుము లేదు సార్. అంత లప్పం నింపిండ్రు. రంగు ఎండి, మెరుగు గూడ పోయింది సూడుండ్రి. మొన్న గుద్దింది ఆ కొస బంపరు మీద, గీతలు పడ్డయ్ గంతే. ఇది పాత దెబ్బ. ఎవలు గుద్దిండ్రో నాకు తెల్వదు. యాదయ్య మాత్రం గాదు."

చుట్టూ ఉన్న కార్మికుల్లో ఎవరో ఈల వేశారు. జనరల్ మేనేజర్ దారం కొస ఇంకా పట్టుకునే ఉన్నాడు, ఎక్కడ వదలాలో తెలియక. మేస్త్రి అందరి మొహాలూ చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. అప్పుడు నేను నోరు విప్పాల్సింది. ఒక్క మాట చాలు. నేను విప్పలేదు.

యాదయ్యను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఎలా తీసుకున్నారు? "సందేహం వల్ల వదిలిపెట్టడమైనది" అని రాసి తీసుకున్నారు. సందేహమట! ముడి ఆగిన చోటు అందరూ కళ్ళారా చూశాక కూడా ఆ కాగితంలో సందేహం మిగిలింది. క్షమాపణ మాట లేదు. కారును కొట్టినవాడి ఊసు లేదు. వారం తిరక్కుండానే నాకు నోటిమాటగా ఆజ్ఞ వచ్చింది. ఇకమీదట ఫ్యాక్టరీ బండి ఒక్కటి కూడా ఆ షెడ్డుకు పోకూడదు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడే మేస్త్రి దగ్గర నిజం ఒప్పుకున్నాను. తాళాలిచ్చింది నేనేనని, దొంగరాత రాసింది నేనేనని. ఆయన ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే విన్నాడు.

"నాకు గా దినమే ఎర్కైంది సార్. గుద్దిందా అని అడిగితే యాదయ్య మీ దిక్కు సూసిండు. మీరు నేల దిక్కు సూసిండ్రు."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"నేను సూసింది టైరు. గది చెప్పిన. మీరు చేసింది మీరు చెప్పాలె." జీపు కింది నుంచి బయటికొచ్చాడు. చేతులకు కిరసనాయిలు పూసుకుంటూ అన్నాడు. "నాకు చెప్తె ఏం ఫాయిదా? యాదయ్యకు చెప్పుండ్రి. గాయిన ఎంతమంది ముంగట బద్నాం అయిండో, గంతమంది ముంగట చెప్పుండ్రి."

యాదయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. "మా బిడ్డను బడిల అడిగిండ్రంట సార్," అన్నాడు. "మీ నాయిన తాగి మనిషిని గుద్దిండంట గద అని. అది మూడు దినాలు బడికి పోలె. నాతోని గూడ మాట్లాడలె. మీకు ఎర్కుండి గూడ నడుపుమన్నరా?"

మర్నాడు షిఫ్టు మారే వేళకు గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ వినేలా చెప్పాను. తాళాలు ఎవరికిచ్చానో కూడా చెప్పాను. రాతపూర్వకంగా జనరల్ మేనేజర్‌కూ ఇచ్చాను. నన్ను స్టోర్స్‌కు మార్చారు. రసాయనాల పీపాల మధ్య కిటికీ లేని గదిలో పదకొండేళ్ళు పనిచేశాను. దానికి నేను బాధపడను. ఆ పదకొండేళ్ళూ రోజూ పొద్దున యాదయ్య ఆ గది తలుపు దగ్గర ఆగి నమస్తే పెట్టి వెళ్ళేవాడు.

ఒళ్ళు మండేది ఇంకోదానికి. జనరల్ మేనేజర్‌కు రెండేళ్ళలో ప్రమోషన్ వచ్చింది. పూలదండలు వేసి, ఆయన నిజాయితీ గురించి ప్రసంగాలు చేసి హెడ్డాఫీసుకు పంపారు. బామ్మర్దికి ఫ్యాక్టరీ బండ్ల కాంట్రాక్టు ఇచ్చారు. మేస్త్రికి మాత్రం ఆ పారిశ్రామికవాడలో మూడు ఫ్యాక్టరీల పని ఒకటొకటిగా ఆగిపోయింది. ఎవరూ కారణం చెప్పలేదు. నిజం చెప్పే మనిషి దగ్గరికి బండి పంపితే ఏం బయటపడుతుందోనని వాళ్ళ భయం.

ఇంకా విడ్డూరం వినండి. కొన్నాళ్ళకు అదే జనరల్ మేనేజర్ సొంత కారు వణకడం మొదలుపెట్టింది. నగరంలో ఎవరూ పట్టుకోలేకపోయారు. డ్రైవరుతో ఇస్నాపూర్ పంపాడు. ఆ సమయానికి నేను షెడ్డులోనే ఉన్నాను. మేస్త్రి ఆ కారుకు ఒక పూటంతా పెట్టాడు. చక్రాల దగ్గర అరిగిన రబ్బరు బుష్‌లు మార్చి, మూడుసార్లు నడిపి చూసి, సరైందని తనకు నమ్మకం కుదిరాకే పంపాడు.

"ఎందుకు చేశారు?" అని కేకలేశాను. "మీ పొట్ట కొట్టినవాడు కదా!"

"బండి ఏం జేసింది సార్?" అన్నాడు ఎడమ చేత్తో చాయ్ తాగుతూ. "అండ్ల ఎవలెవలో కూసుంటరు. పిల్లలు కూసుంటరు." కొంచెం నవ్వి, "కోపం మీకున్నది గద. మీరే ఉంచుకోండ్రి," అన్నాడు.

ఉంచుకున్నాను. ఇవాళ్టికీ ఉంచుకున్నాను.

తర్వాత కాలం మారింది. రోడ్డు వెడల్పులో సగం షెడ్డు పోయింది. ఎదురుగా కంప్యూటర్‌తో చక్రాలు సరిచేసే అద్దాల షోరూమ్ వచ్చింది. మేస్త్రి దాన్ని తిట్టలేదు. ఒకసారి వెళ్ళి చూసొచ్చి, "మిషిని మంచిదే. కని అరిగిన బుష్ మీద కొలిస్తే అది గూడ ఏం జేస్తది?" అన్నాడు. అక్కడ సరైందని రంగుల కాగితం తీసుకుని, వారానికల్లా మళ్ళీ వణికే బండ్లు రోడ్డు దాటి ఈయన దగ్గరికి వచ్చేవి. ఆ షోరూమ్‌వాళ్ళు చెయ్యలేనిది ఈయన చేసి పంపితే, దానికి పేరు ఎవరికొచ్చింది? చనిపోయాక కూడా పంక్చర్ షాపు వృద్ధుడే అయ్యాడు.

మొన్న మధ్యాహ్నం దహనం అయ్యాక, ఆయన భార్య నన్నూ యాదయ్యనూ షెడ్డు చూసి రమ్మంది. సామాను బయటే పడి ఉంటుందని ఆమె దిగులు. వెళ్ళేసరికి షెడ్డు ముందు కర్ణాటక నంబరున్న టాక్సీ ఒకటి ఆగి ఉంది. నడివయసు డ్రైవరు, హుమ్నాబాద్ నుంచి వచ్చాడట. ముందు చక్రం తనే విప్పి, అరిగిన వైపు పైకి ఉండేలా నేల మీద పడుకోబెట్టాడు.

"మిస్త్రీ సాబ్ కబ్ ఆయేంగే?" అని అడిగాడు, మేస్త్రి ఎప్పుడొస్తాడని.

నేను యాదయ్య వైపు చూశాను. యాదయ్య వంగి, బయట పడి ఉన్న జాకీ తీసి లోపల పెట్టాడు.

"కోయీ బాత్ నహీ. బైఠ్తా హూఁ," అంటూ, పర్లేదన్నట్టు అతను చెప్పులు విప్పి బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి యాదయ్య వెళ్ళి అతని పక్కనే కూర్చున్నాడు. ఎండ మెల్లగా షెడ్డులోకి జరుగుతోంది. ఇద్దరూ వచ్చే ప్రతి మనిషినీ చూస్తూ, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు.